మా చెల్లె చేతిలో నా బ్యాటు

మొన్న మా పక్కింటి కోడలికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గిందో లేదో చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసింది. "పండుకోరాదా బిడ్డా" అంటే, "మా తోటికోడలు వంటింట్ల నా డబ్బలన్ని జాగలు మార్చింది పెద్దమ్మా, నేనింక పండుకుంటే ఇల్లే మారుస్తది" అన్నది. కళ్ళు గుంటలు పడ్డాయి, కాళ్ళు వణుకుతున్నాయి, కోపం మాత్రం ముఖం నిండా ఉంది. ఆ కోపం నాకు బాగా తెలుసు. నన్ను మంచంలో పడేసింది జ్వరమే గాని, ఆస్పత్రి దాకా ఈడ్చుకుపోయింది ఆ కోపమే. నేను మూడో తరగతి దాటలేదు, రాస్తే ఒత్తులు తప్పుతాయి. అయినా ఆ పిల్ల కోసం కూర్చుని రాస్తున్నాను.

*పందొమ్మిది వందల అరవై ఏడు, ఎండాకాలం*

అప్పుడు మేము మాణికేశ్వర్ నగర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకు యూనివర్సిటీ టెన్నిస్ కోర్టుల్లో పని. ఎర్రమట్టి మొరం నేల తడపడం, రోలరు లాగడం, సున్నంతో గీతలు గీయడం, ఆడేవాళ్ళకు జోడీ లేకపోతే తానే బ్యాటు పట్టి ఎదురు నిలబడటం. మార్కర్ అనేవాళ్ళు ఆయన్ను.

పొద్దున్నే హాస్టల్ నుంచి ఆడపిల్లలు ఆటకు వచ్చేవాళ్ళు. వాళ్ళ వార్డెనమ్మ ఒక షరతు పెట్టింది. అక్కడ ఒక ఆడమనిషి కూర్చుంటేనే పిల్లలను పంపుతుందట. ఇంకెవరున్నారు, మా ఆయన నన్ను తీసుకుపోయి రోలరు పక్కన కూర్చోబెట్టాడు. మా పద్మ అప్పుడు నడక వచ్చీరాని పిల్ల, ఒళ్ళో ఉండేది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ముందు బంతులు ఏరాను. తర్వాత, మా ఆయన మగపిల్లల కోర్టు చూసుకోవడానికి పోయినప్పుడు, తీగలు తెగిన పాత బ్యాటు ఒకటి పట్టుకుని బంతులు అందివ్వడం మొదలుపెట్టాను.

ఆ పిల్లల్లో విమల అని కరీంనగర్ దిక్కు పిల్ల ఒకతి ఉండేది. చలికాలంలో వేరే యూనివర్సిటీల మీద ఆడటానికి పోవాలి తను. అన్నీ బాగా ఆడేది. కానీ ఎదుటివాళ్ళు బంతిని గాల్లోకి ఎత్తి నెత్తి మీదుగా వేస్తే చాలు, కోడిపిల్ల గద్దను చూసినట్టు అయిపోయేది. అందుకని రోజూ తనకు అదే సాధన. నేను ఇవతలి నుంచి బంతిని ఆకాశంలోకి లేపాలి, తను నెట్టు దగ్గర నుంచి వెనక్కి ఉరికి, పైనుంచి పైనే దాన్ని కొట్టాలి. చేను దగ్గర మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తోలిన చెయ్యి నాది. బంతిని ఎంత ఎత్తుకు పంపమంటే అంత ఎత్తుకు పంపేదాన్ని.

బంతి లేచినప్పుడల్లా మా ఆయన "ఓ రెడ్డీ!" అని కేక పెట్టేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఎవరయ్యా ఆ రెడ్డి? పొద్దున లేస్తే పిలుస్తనే ఉంటవు, ఒక్కనాడన్న రాడు."

మా ఆయన రోలరు మీద కూలబడి నవ్వాడు. విమల నెట్టు పట్టుకుని కిందికి జారిపోయింది. ఆయన అనేది ఓవర్‌హెడ్ అట. నెత్తి మీది బంతిని కొట్టే దెబ్బకు అది పేరట. ఆ రోజు నుంచి మా కోర్టులో దాని పేరు రెడ్డి దెబ్బ అయి కూర్చుంది. హాస్టల్ పిల్లలు కూడా అట్లాగే అనేవాళ్ళు.

ఆ దెబ్బలో చేతి పని కొంచెమే, మిగతాదంతా కాళ్ళ పని. మా ఆయన గొంతు పోయేటట్టు చెప్పేవాడు. "ఎనుకకు ఎనుకకు నడువొద్దమ్మా, మడిమెల మీద కూలవడ్తరు. పక్కకు మర్రుండ్రి. కాలు మీంచి కాలు దాటించుండ్రి. ఎడమ చెయ్యి బంతికి సూపెట్టుండ్రి."

విమల హాస్టల్‌కు పోయాక ఎండ ముదిరేలోపల కాసేపు కోర్టు ఖాళీగా ఉండేది. అప్పుడు మా ఆయన నాకు బంతులు లేపేవాడు. కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఉత్త కాళ్ళతో నేర్చుకున్నాను. తడిసిన మొరం అరికాళ్ళకు చల్లగా తగిలేది. బంతి బ్యాటు నడుమ సరిగ్గా తగిలిందంటే ఆ చప్పుడే వేరు. ఆ చప్పుడు వచ్చిన రోజు నీళ్ళ బిందె కూడా బరువనిపించేది కాదు. ఇల్లు అత్తగారిచ్చింది, గిన్నెలు తల్లిగారిచ్చినవి. ఆ చప్పుడొక్కటే నేను సంపాదించుకున్నది.

*ఆషాఢం, బోనాల దినాలు*

ఒక పొద్దున పక్కకు తిరిగి, ఎడమ చెయ్యి బంతికి చూపించి, తల ఎత్తాను. బంతితో పాటు ఆకాశం కూడా తిరిగింది. బంతి వచ్చి నా నుదుటి మీద పడింది. మా ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయింది.

బంతి దెబ్బ అనుకున్నాం ముందు. బోనాల తిరుగుడు అనుకున్నాం తర్వాత. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. జ్వరం పొద్దున కొంచెం దిగి, సాయంత్రానికి ఇంకొంచెం ఎక్కేది. నాలుక చెక్కలాగా అయింది. చివరికి మా ఆయన రిక్షాలో వేసుకుని తార్నాక దవాఖానాకు తీసుకుపోయాడు.

ఆ బెంచీ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. గోడ పొడవునా ఒకటే బెంచీ. అందరి చేతుల్లో మందు నీళ్ళకు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలు. ఎవరైనా లోపలికి పోతే అందరం ఒక జాగ ముందుకు జరగాలి. ఆ జరగడం కూడా నా వల్ల కాలేదు. పక్కన బురఖాలో ఒక ముసలమ్మ ఉంది. నేను ఒరిగిపోతుంటే, "లేట్ జా బేటీ" అని నా తల తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. తన వంతు వచ్చినా లేవలేదు, వెనకవాళ్ళను పొమ్మంది. ఆమె పేరు నాకు తెలియదు, ఆమెకు నా పేరు తెలియదు. ఆమె ఒళ్ళో అత్తరు వాసన మాత్రం తెలుసు.

టైఫాయిడ్ అన్నారు. మాత్రలు ఇచ్చారు. గంజి, సగ్గుబియ్యం జావ తప్ప ఏమీ పెట్టొద్దన్నారు, మంచం దిగనివ్వొద్దన్నారు, పిల్లను దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఇవన్నీ ఎవరు చూసుకోవాలి? మా ఆయన మా ఊరికి కబురు పెట్టాడు. భువనగిరి దిక్కు ఊరు మాది. మా అవ్వ, అంటే నా కన్నతల్లి, నాట్లు విడిచి రాలేక మా చెల్లెను పంపింది.

*శ్రావణం*

సత్తెమ్మ. మేమంతా సత్తి అంటాం. అప్పటికి దానికి పదిహేడేళ్ళు. నాకంటే జానెడు పొడుగు. పొలంలో గెనుం గట్టు మీద నడిచినట్టే మా ఇంట్లో కూడా విసురుగా నడిచేది. వచ్చీ రావడంతోనే పద్మను చంకనేసుకుంది. సాయంత్రానికి పద్మ దాని మెడ విడవలేదు.

అంటు జ్వరమని బస్తీలో గుసగుసలు మొదలయ్యాయి. మా ఆయన పైవాళ్ళను బతిమాలి, కోర్టు పక్కన నెట్లు పెట్టుకునే గదిలో నాకు మంచం వేయించాడు. గాలి బాగుంటుంది, ఆయనకు పని దగ్గర మనిషిని చూసుకున్నట్టూ ఉంటుంది. గదికి ఒకే కిటికీ, అదీ ఎత్తులో. పడుకుంటే నాకు కోర్టు కనబడదు, ఆకాశం ముక్క మాత్రం కనబడుతుంది.

కొన్నాళ్ళు ఒంటి మీద తెలివి లేదు. తెలివి వచ్చిన ఒక పొద్దున ఆ ఆకాశం ముక్కలోకి ఒక బంతి లేచింది. లేచి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగిపోయింది. కింద ఎక్కడో విమల దాన్ని కొట్టిన చప్పుడు. మళ్ళీ ఇంకొకటి లేచింది. ఎవరు లేపుతున్నారు? మా ఆయన గొంతు పక్క నుంచి వస్తోంది, అంటే ఆయన కాదు. బంతి నేను పంపేదానికంటే ఎత్తుకు పోతోంది.

"శాబాష్ సత్తీ! నీ చెయ్యి మీ అక్క చెయ్యి కన్న సాఫ్‌గున్నది!" అన్నాడు మా ఆయన.

బంతులు కనబడకుండా దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

అది కూడా మంచె ఎక్కిన పిల్లే కదా. నిన్న మొన్నటి దాకా వడిసెల తిప్పింది, చెయ్యి ఇంకా తాజాగా ఉంది. వార్డెనమ్మ షరతుకు ఆడమనిషి కావాలి, నేను మంచంలో ఉన్నాను, కాబట్టి సత్తి నిలబడింది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఇంకా మండింది.

ఆ తర్వాత రోజూ అదే. కిటికీలోకి బంతులు లేచేవి, దిగేవి. నవ్వులు వినబడేవి. విమల నాకు గ్లూకోజు డబ్బా తెచ్చింది, బార్లీ తెచ్చింది, నా కాళ్ళ దగ్గర కూర్చుని "తొందరగా లేవాలె యాదమ్మక్కా" అన్నది. మంచి పిల్ల. కానీ తన పాత గుడ్డ బూట్లు సత్తికి ఇచ్చింది. అన్ని నెలలు నేను ఉత్త కాళ్ళతో ఉరికాను, నాకు ఇవ్వలేదు. నా పాదం చిన్నది, అవి నాకు పట్టవు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఆ రోజు జావ తాగలేదు.

కొన్నాళ్ళకు కిటికీలోంచి వచ్చే చప్పుడులో తేడా తెలిసింది. విమల కొడితే ఒక రకం. ఇప్పుడు మధ్యమధ్యలో ఇంకొకటి వస్తోంది, నిండు కుండ మీద కొట్టినట్టు, నడుమ తగిలిన దెబ్బ. విమల పోయాక కూడా వస్తోంది. మా ఆయన బంతి లేపుతున్నాడు, సత్తి కొడుతోంది.

సత్తి నా తల కింద దిండు సర్దడానికి వచ్చినప్పుడు అడిగాను. "బ్యాటు ఎవలిదే?"

"నీదే అక్కా. పాతది. బావ కొత్త తీగలు ఏసిండు."

నేను ఆడినన్నాళ్ళూ తెగిన తీగలతోనే ఆడాను.

*భాద్రపదం*

మాత్రలకు జ్వరం దిగింది. ఒళ్ళు చల్లబడింది. ఇక్కడే జాగ్రత్తగా వినాలి మా పక్కింటి పిల్ల. జ్వరం దిగితే రోగం పోయినట్టు కాదు. లోపల పేగులు ఇంకా పచ్చిగానే ఉంటాయట. మెత్తటి తిండి, మంచం, ఇంకొన్నాళ్ళు తప్పదట. దవాఖానాలో ఇవన్నీ చెప్పారు. నేను విన్నాను. విని కూడా లేచాను.

ఆ రోజు మా ఆయన సున్నం తేవడానికి తార్నాక పోయాడు. సత్తి పద్మకు స్నానం చేయించడానికి బస్తీకి పోయింది. ఆయన కోసం మూత పెట్టి ఉంచిన జొన్నరొట్టె కనబడింది. కాళ్ళల్లోకి బలం రావాలంటే రొట్టె తినాలి, ఆ జావతో ఏమొస్తుంది అనుకున్నాను. రొట్టె మొత్తం తిన్నాను. గోడ పట్టుకుని బయటికి వచ్చాను.

కోర్టు చూశాను. ఎంత శుభ్రంగా ఉందో! గీతలు తీగ లాగినట్టు ఉన్నాయి. నేను లేకపోతే గుంటలు పడి ఉంటుందని, గడ్డి మొలిచి ఉంటుందని అనుకున్నాను కాబోలు. మొరం మీద సత్తి అడుగుల జాడలు పక్కపక్కగా, చిన్నచిన్నగా, ఒక్క మడమ గుర్తు కూడా లేకుండా వరసగా వెనక్కి పోయాయి. మా ఆయన చెప్పే పాఠం ఎవరో నేల మీద రాసిపెట్టినట్టు.

ఆ జాడలు చెరిపేద్దామని బకెట్టెడు నీళ్ళు తెచ్చి పోశాను. ఇంకో బకెట్టు తెచ్చాను. బ్యాటు తీసుకున్నాను. నా బంతి నేనే పైకి ఎగరేసుకున్నాను. పక్కకు తిరగడానికి కాళ్ళు మాట వినలేదు. ఎవరైనా భయపడితే చేసే పనే నేనూ చేశాను, వెనక్కి వెనక్కి నడిచాను. మడమల మీద వెల్లకిలా పడ్డాను.

సత్తి వచ్చి చూసేసరికి ఆ బురదలోనే ఉన్నాను. "అక్కా, నువ్వేం మనిషివే! ఎవలు లెవ్వమన్నరు నిన్ను?" అని అరుస్తూ, ఏడుస్తూ, నన్ను గోనెసంచిలాగా భుజానికి ఎత్తుకుంది. నన్ను ఎత్తగలిగినందుకు కూడా నాకు దాని మీద కోపమే. సాయంత్రానికి చలి పుట్టింది. ఆ తర్వాత వచ్చిన జ్వరం ముందు పాత జ్వరం ఆటలాంటిది.

*బతుకమ్మ రోజులు*

ఈసారి పెద్దాస్పత్రి. ఒక పెద్ద హాలు, రెండు వరసల మంచాలు, కిటికీల బయట వేపచెట్టు. చూడటానికి వచ్చేవాళ్ళను సాయంత్రం కాసేపే లోపలికి వదిలేవారు. మిగతా పొద్దంతా మా ఆయన ఆ చెట్టు కింద కూర్చునేవాడని తర్వాత తెలిసింది. డాక్టరమ్మ వచ్చి, "రొట్టె ఎవరు పెట్టారమ్మా ఈమెకు?" అని అరిచింది. "నేనే తిన్న" అన్నాను. "అయితే నువ్వే నయం చేసుకో" అని, వెంటనే నా చెంప మీద చెయ్యి వేసి చూసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

కడుపులో నిప్పులు. కళ్ళు మూస్తే బంతులు లేచేవి, ఒక్కటీ దిగేది కాదు. బయట ఎక్కడో ఆడవాళ్ళు బతుకమ్మ చప్పట్లు కొడుతుంటే అవి ఎవరో ఆడుతున్న బంతుల చప్పుళ్ళనుకునేదాన్ని.

మా అవ్వ వచ్చింది. నా కాళ్ళ దగ్గర నిలబడి ఏడ్చింది. నేను నిద్రలో ఉన్నాననుకుని, పక్కనే సీసా కడుగుతున్న మా ఆయనతో మాట్లాడింది. తల్లిని తప్పు పట్టను. ఆమె మాట్లాడింది నా బిడ్డ గురించే.

"దేవుడు ఏం రాసిండో అల్లుడా. ఇది పోతే పిల్ల ఆగమైతది. సత్తిని నీకే ఇస్త, పద్మకు తల్లి అయితది. ఒకవేళ ఇది లేసినా, ఇగ పని జేసే మనిషి గాదు గదా, అప్పుడైనా అంతే. ఇద్దరు అక్కసెల్లెండ్లు ఒక్క ఇంట్లుంటరు. కోతలైనంక వచ్చి సూస్త. దీని కాళ్ళల్ల పానముంటే సరే. లేకుంటే దండలు మార్పిస్త."

మా ఆయన ఏమంటాడో వినాలని ఊపిరి బిగబట్టాను. ఏమీ అనలేదు. సీసాలో నీళ్ళు గలగలలాడాయి, అంతే.

చావంటే భయం ఆ నిమిషం దాకా నాకు ఒక రకంగా ఉండేది. అప్పటి నుంచి ఇంకో రకంగా అయింది. నేను పోతే నా చీరలు సత్తికి సరిపోతాయి, కొంచెం పొట్టి అవుతాయి గాని సరిపోతాయి. పద్మ ఇప్పటికే దాన్ని విడవదు. మా ఆయన ఇప్పటికే శాబాష్ అంటున్నాడు. నేను పోయిన జాగా కూడా కనబడదు, తడిపి రోలరు లాగిన నేలలాగా సాఫీగా ఉంటుంది. పోకపోయినా, మంచంలో పడి ఉండి అది నా ఇంట్లో తిరుగుతుంటే చూస్తూ బతకాలి.

ఏది ఎక్కువ చెడ్డదో తేల్చుకోలేక, బతుకుదామని అనుకున్నాను. జావ ఇస్తే తాగాను. లేవొద్దంటే లేవలేదు. పక్క మంచంలో ఉన్న మనిషి అనపకాయ కూర తింటుంటే తల తిప్పుకున్నాను.

*దీపావళి దాటినాక*

ఇంటికి వచ్చాను. మాణికేశ్వర్ నగర్ ఇంటికే. నేను నడిచి రాలేదు, మా ఆయన వీపు మీద వచ్చాను. అద్దంలో ముఖం చూసుకుంటే నాకే పరాయిదిగా అనిపించింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోతోంది.

ఒక మధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టి సత్తి నా తల దువ్వుతోంది. దువ్వెన నిండా వెంట్రుకలు. అది వాటిని నాకు కనబడకుండా కొంగులో దాచిపెడుతోంది. ఆ దాచడం చూసి నాకు ఆగలేదు.

"దాచుడెందుకే? సంబురపడు. అవ్వ జెప్పింది నేనిన్న. నా ఇంట్ల కూసుందామనే గదా నీ సోకులు? నా బ్యాటు, నా బిడ్డ, నా మొగుడు. ఇంకేమన్న ఉన్నదా తీస్కపోను?"

సత్తి దువ్వెన కింద పెట్టింది. నా ముందుకు వచ్చి కూర్చుంది. అది ఏడుస్తుందనుకున్నాను. రెండు చేతులూ జోడించింది.

"అక్కా, నీకు దండం పెడ్త. నాకు నీ మొగుడొద్దే! అవ్వ గా మాట నాతోని ఊర్లనే అన్నది, నన్ను బస్సు ఎక్కిచ్చేటప్పుడే. అప్పటిసంది నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వు సస్తే నన్ను కడ్తరు, నువ్వు లెవ్వకపోతే నన్ను కడ్తరు. నీకు గంజి తాగిచ్చి తాగిచ్చి నా చేతులు పడిపోయినయ్. నువ్వేమో రొట్టె తిని బురదల పడ్తివి. ఆనాడు నీకంటె ఎక్కువ నేనే ఏడ్సిన, ఎరుకేనా?"

అంతా విన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"ఏం? నా మొగునికేం తక్కువ?"

"తక్కువేం లేదు, అన్ని ఎక్కువే. రాత్రంత గురక, పొద్దంత లొల్లి. బువ్వ తింటుంటే గూడ 'కాళ్ళు సూస్కో సత్తీ' అంటడు. కూసొని తింటున్న బావా, కాళ్ళేం జేసినయ్ అంటే ఇనడు."

"గురక ఒక్క పక్కకు పండుకుంటేనే వస్తది" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"అక్కా, మంచోడే, కాదన్ననా? కాని నీ సీరెలు కట్టుకొని, నీ పొయ్యి కాడ కూసొని, నీ లెక్క నేనెందుకు బతకాలె? నేను నా లెక్క బతుకుత."

ఇన్ని నెలలుగా నా మొగుణ్ణి గుంజుకుపోతుందని కుళ్ళి కుళ్ళి చచ్చినదాన్ని. వద్దంటే సంతోషించాలా, లేదా? సంతోషం రాలేదు. ఇంత మంచి మనిషిని ఇది వద్దనడమేమిటని ఒళ్ళు మండింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన్ను అడిగాను. "దవాఖానల మా అవ్వ సత్తి ముచ్చట తీస్తే, నువ్వెందుకు ఊకున్నవు?"

"ఏం ముచ్చట?" అన్నాడు. "నీ కడుపు ఎగిరెగిరి పడుతుండె. ఊపిరి ఉన్నదా లేదా అని దాన్నే సూస్తున్న. ఆమె ఏం జెప్పిందో నాకేం ఎరుక?"

*చలికాలం*

కోతలు మొదలయ్యాయని ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. కోతలైతే మా అవ్వ వస్తుంది. ఆ మాట వినగానే సత్తి నన్ను మంచం మీద నుంచి లేపింది.

"నడువు."

"ఏడికి?"

"గోడ దాంక. అటెనుక కోర్టు దాంక. అటెనుక ఉరుకుడు. అవ్వ వచ్చేటాళ్ళకు నీ కాళ్ళల్ల పానం కనవడాలె. నీ కోసం గాదు, నా కోసం."

మా పక్కింటి పిల్లకు చెప్పదలుచుకున్నది ఈ మాటే. డాక్టరమ్మ సరే అన్నాకే లేచాను. ఒంటరిగా లేవలేదు, ఎవరి మీదో పంతం కొద్దీ లేవలేదు. సత్తి భుజం పట్టుకుని గోడ దాకా పోయి కూర్చున్నాను. మర్నాడు కొంచెం ముందుకు. కాళ్ళు పత్తి కట్టెల్లాగా ఉండేవి. నీ డబ్బాలు ఎక్కడికీ పోవు బిడ్డా, ఎవరు ఎటు మార్చినా నువ్వు లేచాక మళ్ళీ మార్చుకోవచ్చు. పేగు తెగితే మార్చుకోవడానికి నువ్వు ఉండవు.

కోర్టు దాకా పోగలిగాక అసలు సాధన మొదలైంది. ముందు బ్యాటు లేదు, బంతి లేదు. పక్కకు తిరగడం, కాలు మీంచి కాలు దాటించి వెనక్కి పోవడం, అంతే. సత్తి నాకు ఎదురుగా నిలబడి తన కాళ్ళు చూపిస్తుంది, నేను వాటిని చూసి నా కాళ్ళు కదపాలి. దాని కాళ్ళు నీళ్ళ మీద పురుగులాగా పోయేవి. నావి బరువు మోసిన ఎద్దు కాళ్ళు. ఒకప్పుడు నేను కూడా అట్లాగే పోయేదాన్ని కదా అని చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఆ కాళ్ళను కొరికేయాలనిపించేది.

"నన్ను కాదు, బంతిని సూడు" అనేది అది.

"బంతి యాడున్నది?"

"ఉన్నదనుకో."

తర్వాత బంతి వచ్చింది. తర్వాత బ్యాటు. కొట్టినవన్నీ నెట్టుకే తగిలేవి. విమల ఆటలకు పోయి వచ్చింది. గెలిచిందా అంటే, "ఓడిపోయిన యాదమ్మక్కా, కాని రెడ్డి దెబ్బ ఒక్కటి గూడ తప్పలే" అని గర్వంగా చెప్పింది. ఆమెకు బంతులు లేపింది సగం నేను, సగం సత్తి. మెచ్చుకుంటూ సత్తి వీపు తట్టింది. నేను నా భుజాన్ని కూడా ముందుకు పెట్టాను. నవ్వి, నన్నూ తట్టింది.

ఇక ఆ పొద్దు. సన్నగా మంచు ఉంది. మా ఆయన నెట్టు కర్ర దగ్గర నిలబడ్డాడు. సత్తి అవతలి నుంచి బంతి లేపింది. పక్కకు తిరిగాను, ఉరికాను, కొట్టాను. నెట్టు.

"నెట్టుకు ఆకలైందా అక్కా? అన్ని దానికే తినిపిస్తున్నవు?"

"నోర్మూస్కొని ఇంకోటెయ్యే!"

కావాలనే ఇంకా ఎత్తుకు లేపింది, ఇంకా వెనక్కి. అందదు అనుకున్నాను. ఆ నవ్వు నా చెవిలో ఉంది. ఆ నవ్వు మీది కోపంతోనే కాళ్ళు కదిలాయి. కాలు మీంచి కాలు, ఇంకొకటి, ఇంకొకటి, గీత దాటిపోయాను, ఎగిరాను కూడా. బ్యాటు అంచుకు తగిలింది. బంతి వంకరగా నెట్టు దాటి, సత్తిని దాటి, కోర్టు దాటి, కంచె పక్కన ఎవరి కాళ్ళ దగ్గరో పోయి పడింది.

అక్కడ మా అవ్వ ఉంది. నెత్తి మీద కొత్త బియ్యం మూట. తార్నాకలో బస్సు దిగి ఇంటికి పోతే తాళం ఉందట, దారి అడుగుతూ ఇక్కడికి వచ్చింది.

"సిగ్గున్నదా నీకు?" అని అక్కడి నుంచే అరిచింది. "మొగుని ముందట, నలుగురు తిరిగే కాడ, కుచ్చిళ్ళు ఎగజెక్కి ఎగురుతున్నవా! సావు తప్పి వచ్చినదానివి!"

నేను గబగబా కుచ్చిళ్ళు దింపుకున్నాను. సత్తి మాత్రం బ్యాటు పడేసి కంచె దగ్గరికి ఉరికింది. అవ్వ నెత్తి మీది మూట దించి తన నెత్తికి ఎత్తుకుంది.

"సిగ్గు ముచ్చట అటెనుక మాట్లాడుకుందాం అవ్వా. ఉరికిందా, లేదా? నీ కండ్లతోని సూసినవా, లేదా?"

మా అవ్వ కంచె దాటింది. గబగబా కోర్టు మీదికి నడిచి వచ్చి, నా ముందు వంగి, నా పిక్కలు రెండు చేతులతో గట్టిగా నొక్కి చూసింది. ఒకటి, తర్వాత ఇంకొకటి. చాలాసేపు అట్లాగే పట్టుకుంది. లేచేటప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సరే తియ్" అన్నది, నాతో కాదు, సత్తితో. "గోల్నాకల నీకు ఒక పిలగాడున్నడట. పోయి సూసొస్త."

సత్తి బియ్యం మూట నెత్తి మీద ఉండగానే ఎగిరింది. అంత బరువుతో, నేల మీది నుంచి రెండు కాళ్ళూ లేచాయి. ఇప్పుడు మాకిద్దరికీ తల నెరిసింది. ఆ ఎగురుడు తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ కుళ్ళే.